బావావిడ వేషం

మాణిక్యాలరావు తువ్వాలు తల మీద కప్పుకుని, కొంగులాగా నుదుటి మీదికి లాక్కునేసరికి బెంచీల మీద నవ్వు మొదలైపోయింది.

"ఇంకా ఏం వెయ్యలేదయ్యా! వేశాక నవ్వండి" అని తువ్వాలు లోంచే కసిరాడు. దానికీ నవ్వారు.

కొత్తపేట హైస్కూలుకి వేసవి సెలవులు. ఖాళీగా ఉన్న ఆ గదిలో పంచాయతీ సమితి హెల్తు వర్కర్లని కూచోబెట్టి, మతి చెదిరిన మనుషుల్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పుతున్నారు. టీకాలు వెయ్యడం, మలేరియాకి రక్తం తియ్యడం, కుటుంబ నియంత్రణకి మనుషుల్ని బతిమాలడం చాలవన్నట్టు ఇదొకటి వాళ్ళ నెత్తిన పడింది. పాఠం చెప్పాల్సింది అమలాపురం నరాల డాక్టరు బాలగంగాధరం గారు. ఆయన ఇంగ్లీషులో మొదలెట్టి సంస్కృతంలో తేలతారు. ఈలోగా జనం నిద్రపోతారు. ఆ సంగతి ఆయనకే తెలిసి, పాఠం తన కాంపౌండరు మాణిక్యాలరావుకి వదిలేసి వెనక బెంచీ మీద కూచోవడం అలవాటు చేసుకున్నారు. మాణిక్యాలరావు విశాఖపట్నంలో పని నేర్చుకొచ్చిన మనిషి. సూదులేస్తాడు. తలకి కరెంటు పెట్టేటప్పుడు రోగి పళ్ళ మధ్య గుడ్డచుట్ట పెట్టి భుజాలు అదిమి పడతాడు. ఆసుపత్రిలో అతన్ని అందరూ కాంపౌండరనే అంటారు. ఈ గదిలో మాత్రం మేష్టారంటారు. ఆ పిలుపు కోసం అతను చలిజ్వరంతో కూడా బస్సెక్కి వస్తాడు.

బల్ల పక్కన గొంతుక్కూచుని, బల్ల అంచునే బావి గట్టు చేసుకుని లోపలికి తొంగిచూశాడు. చేతివేళ్ళు వణికించాడు. ఆడగొంతు సన్నగా తీశాడు.

"వత్తన్నానండీ... అదుగో, పిలుత్తన్నారు. నీళ్ళలోంచి పిలుత్తన్నారు!"

వెంటనే గొంతు మార్చి, బావి లోపలి గొంతులాగా బొంగురుగా, "దూకవే... దూకూ..." అన్నాడు.

గది ఘొల్లుమంది. పలివెల హెల్తు వర్కరు చిట్టిబాబైతే బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. పక్కనున్న నర్సు మీనాక్షమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "చాలండీ మేష్టారూ, పొట్ట నొప్పెడతంది" అంది.

అప్పుడు చూశాడు మాణిక్యాలరావు. గుమ్మంలో మాత్రల డబ్బా పట్టుకుని వీరాయమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రి ఆయా. ఈ బావావిడ వేషం ఎవరిదో కాదు, ఆమెదే. జబ్బుగా ఉన్న రోజుల్లో ఆమెని బావి గట్టు మీంచి లాక్కొచ్చి ఆసుపత్రిలో పడేస్తే, భుజాలు పట్టింది అతనే, ఆ వణుకూ ఆ చూపూ దగ్గరగా చూసి పట్టేసింది అతనే. ఆ ముక్క క్లాసులో ఎవరికీ తెలీదు. వీరాయమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అది చూసి మాణిక్యాలరావు ఇంకో రెండు వణుకులు ఎక్కువ వణికాడు.

క్లాసయ్యాక డాక్టరుగారు వరండాలో ఆపారు.

"మాణిక్యాలరావ్, ఎల్లుండి ఆఖరి క్లాసు కదా. వీరాయమ్మ చేత ఓ గంట మాట్లాడిద్దాం."

"వీరాయమ్మ చేతాండీ? ఏం మాట్లాడుద్దండీ అది?"

"జబ్బు పడి లేచిన మనిషి. తన సంగతే చెబుతుంది. బాగుంటే రాజోలు బ్యాచికి ఆవిణ్ణే తీసుకెళ్దాం. నువ్వు ఆసుపత్రి చూసుకోవచ్చు. నీక్కూడా బస్సుల్లో తిరుగుడు తప్పుతుంది."

"ఆయ్" అన్నాడు మాణిక్యాలరావు. గోదావరి వాడికి వేరే మాట ఉందా? చెంప మీద కొట్టినా ముందు ఆయ్ అంటాడు, తర్వాత చెంప తడుముకుంటాడు.

డాక్టరుగారి కారు కదిలింది. మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వీరాయమ్మ ముందు సీట్లో కూచుంది. డబ్బా ఎండకి పాడవకూడదట, అందుకని కారులో. మాణిక్యాలరావు తువ్వాలు భుజాన వేసుకుని బస్సుస్టాండు వైపు నడిచాడు. ఎన్నో బ్యాచిలుగా ఆ డబ్బా అలాగే వెళుతోంది, అతనూ అలాగే నడుస్తున్నాడు. ఇవాళే ఆ సీటు కంటబడింది.

*

"ఆవిడ గంటసేపు మాట్లాడితే నీ గొంతేవన్నా అరిగిపోద్దా?" అంది పెళ్ళాం కనకమ్మ. చేటలో ఎండురొయ్యలు పోసుకుని తలకాయలు తుంపుతోంది.

"నీకు తెలీదూరుకో."

"జీతం కోసేత్తానన్నారా?"

"జీతం కాదే."

"మరేంటయ్యా? వచ్చిందగ్గర్నించీ మొగుడు చచ్చినోళ్ళలాగ కూచున్నావు."

అసూయగా ఉందని ఎవడూ అనుకోడు. అన్యాయం జరిగిందనుకుంటాడు. ఇతనూ అదే అనుకున్నాడు. చదువా, సంధ్యా? సూది మందు సీసా తిరగేసి పట్టుకున్నా తెలీదు. నేను భుజాలు పట్టకపోతే ఇప్పటికి బావిలో తేలేది. అది మేష్టరమ్మా?

కోపం రావలసింది డాక్టరుగారి మీద. వేషం నచ్చినన్నాళ్ళూ వాడుకుని, ఇంకోటి దొరగ్గానే పక్కన పెట్టేది ఆయన. కానీ కుర్చీలో కూచున్నవాడి మీద కోపం తెచ్చుకునే అలవాటు మనవాళ్ళకి లేదు. అది ఖరీదైన కోపం. నేల మీద కూచున్నదాని మీద అయితే ఊరికే వస్తుంది.

"రాజోల్లో మా పిన్నిగారింట్లో దిగుతానని కబురెట్టేను కూడాను" అన్నాడు చివరికి.

కనకమ్మ నవ్వేసింది. "అయితే ఆవిణ్ణి దిగమను. పిన్ని ఏవనుకోదు."

అతను లేచి బయటికి పోయాడు.

*

మర్నాడు పొద్దున్నే ఉప్పలగుప్తం నించి రోగి వచ్చాడు. పేరు పెదబాబు. బలమైన మనిషి. కొబ్బరితాడుతో చేతులు వెనక్కి విరిచి కట్టి, తమ్ముడు వీర్రాజు రిక్షాలో పడేసి తెచ్చాడు. తాడు చెమటకి తడిసి ముళ్ళు బిగుసుకుపోయాయి. మణికట్ల దగ్గర చర్మం లేచిపోయింది.

"ఇప్పకండి బాబూ, ఇప్పితే చంపేత్తాడు" అన్నాడు వీర్రాజు.

మాణిక్యాలరావు స్టవ్వు మీద మరుగుతున్న సిరంజీని చిమటాతో తీశాడు. ఈ పనిలో అతనికి ఎదురులేదు. నూనె సూది మందు చిక్కగా ఉంటుంది, లావు సూది పెట్టాలి, మెల్లగా ఎక్కించాలి, రోగి కదిలితే సూది విరుగుతుంది. అందుకని వెనకనించి వచ్చి నడుం దగ్గర మోకాలితో అదిమి, తేరుకునే లోపల పని కానిచ్చేస్తాడు. ఇద్దరు వార్డుబాయిల్ని చెరోవైపు నిలబెట్టి, సిరంజీ వెనక దాచి వెనక్కి నడిచాడు.

పెదబాబు ఎలా కనిపెట్టాడో గాని, గిర్రున తిరిగి తలతో గుద్దాడు. సిరంజీ గచ్చు మీద పడి పగిలింది. నూనె మందు ఒలికిపోయింది.

"చెప్పేనాండీ!" అన్నాడు వీర్రాజు.

వార్డుబాయిలు మీద పడబోయారు. అంతలో గచ్చు తుడుస్తున్న వీరాయమ్మ చేతిలో గుడ్డతోనే వచ్చి, పెదబాబుకి బారెడు దూరంలో బాసింపట్టు వేసుకుని కూచుంది. అతని మొహంలోకి చూడలేదు. గాజుపెంకులు ఏరుతూ, పక్కింటాయన్ని అడిగినట్టు అడిగింది.

"అన్నం తిన్నారాండీ?"

పెదబాబు బుసలు కొడుతున్నాడు.

"తినుండరు. కట్టేసినోళ్ళు అన్నం ఎట్టరండి. మర్చిపోతారు. ఆరి హడావుడి ఆరిది."

కొంతసేపటికి పెదబాబు గోడకి ఆనుకుని మెల్లగా జారి కూచున్నాడు. "తాడు" అన్నాడు.

"ఆయ్. గట్టిగుందండి. కత్తిపీట తెత్తాను, ముడి కొయ్యడానికి. కత్తిపీటని చూసి మీరు బయపడకూడదు, మిమ్మల్ని చూసి నేను బయపడకూడదు. సరేనాండీ?"

తాడు తెగింది. అతను చేతులు ముందుకు తెచ్చుకుని వాటిని ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు. అన్నం తిన్నాక మాణిక్యాలరావు ఇంకో సిరంజీ మరిగించి సూది వేశాడు. రోగి కదల్లేదు. అంత నిదానంగా, అంత శుభ్రంగా అతను ఎప్పుడూ వెయ్యలేదు. ఆ సంగతి చేతికి తెలుస్తూనే ఉంది. చేతికి తెలుస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది.

తలెత్తితే గది గుమ్మంలో డాక్టరుగారు. ఎప్పటినించి నిలబడ్డారో!

"చూశావా?" అన్నారు ఆయన.

"చూసేనండి."

"రాజోల్లో ఇదే చెప్పించాలి."

డాక్టరుగారు వెళ్ళిపోయారు. వీరాయమ్మ తుడుపుగుడ్డ పిండుతూ, "సూది నొప్పి తెలీలేదంట కాంపౌండరు బాబూ. మీ చెయ్యి మంచిది" అంది.

"నాకు చెప్పక్కర్లేదు. నీ పని చూసుకో" అన్నాడు.

*

ఆఖరి రోజు పెందలాడే కొత్తపేటలో దిగాడు. హైస్కూలు ఎదురుగా శరభయ్య హోటలు. చిట్టిబాబూ, మీనాక్షమ్మా, ఇంకో నలుగురు వర్కర్లూ పెసరట్లు తింటున్నారు.

"రండి మేష్టారూ! ఇవాళ ఆఖరంట కదా, బావి మళ్ళీ వెయ్యాలండి" అన్నాడు చిట్టిబాబు, కుర్చీ జరుపుతూ.

"ఇవాళ నేను కాదు బాబూ. వీరాయమ్మ చెబుద్ది పాఠం."

"ఎవరండీ, మాత్రల డబ్బా ఆవిడా? ఆవిడేం చెబుద్దండి?"

మాణిక్యాలరావు టీ గ్లాసు ఊదుకున్నాడు. ఒక్క గుక్క తాగాడు. చెప్పకుండా ఉండొచ్చు. ఆ గుక్క మింగేంత సేపూ ఉండొచ్చని అతనికి తెలుసు.

"బావావిడంటూ నేను వేత్తానే, ఎవరనుకున్నారు? అదే."

చిట్టిబాబు పెసరట్టు ముక్క చేతిలోనే ఆగిపోయింది. మీనాక్షమ్మ, "అమ్మ బాబోయ్! ఆవిడ చేత్తోనే కదండీ మనం మంచినీళ్ళు తాగేం" అంది. పక్క బల్ల వాళ్ళు ఏంటేంటన్నారు. మాట ఆ బల్లకి, ఆ బల్లనించి బయట బెంచీకి వెళ్ళిపోయింది. మాణిక్యాలరావు చల్లారిపోయిన టీ తాగేశాడు. ఇంక ఆవిడ నోరు తెరవడం చూద్దాం, అనుకున్నాడు.

క్లాసులో వీరాయమ్మ లోపలికి వచ్చేసరికి అందరూ తలలు ఒకేసారి తిప్పారు. ముందు వరసలో వాళ్ళు బెంచీ వెనక్కి జరుపుకున్నారు. ఎవరో "బావి" అని గొణిగారు. కిసుక్కుమని నవ్వు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది ఆమె. ముందు ఆ చూపుల్ని చూసింది. తర్వాత తిన్నగా మాణిక్యాలరావుని చూసింది. అతను నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

వెనకనించి చిట్టిబాబు, "మేష్టారూ, ముందు మీరోసారి బావి వెయ్యండి. తర్వాత అసలావిడ చెబుద్ది!" అని అరిచాడు.

గది అంతా చప్పట్లు. డాక్టరుగారు కూడా చిన్నగా నవ్వి, "వెయ్యవయ్యా, ముందు అది, తర్వాత ఇది. పోల్చి చూసినట్టుంటుంది" అన్నారు.

మాణిక్యాలరావు తువ్వాలు తీశాడు. తల మీదికి ఎత్తాడు.

"వద్దండి" అంది వీరాయమ్మ.

పెద్దగా ఏం అనలేదు. కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టినట్టు అంది.

"ఏవే, మొన్నటిదాకా నవ్వేవుగా?" అన్నాడు అతను, నలుగురికీ వినబడేలాగ.

"నవ్వకపోతే ఏం చెయ్యమంటారండి? ఏడిత్తే ఇంకా తగ్గలేదంటారు. తగ్గనిదానికి ఆయా పనెవరిత్తారండి?"

గదిలో నవ్వు ఆగింది.

"ఇంకోటండి. ఈళ్ళందరికీ తెలిసిపోయింది. చెప్పిందెవరో నాకు తెలుసు. ఆ మాట నేను చెప్పుకుందావనుకున్నానండి. నిన్నంతా గచ్చు తుడుత్తా తుడుత్తా కూడబలుక్కున్నాను, ఇలాగ నిలబడాలి, ఇలాగ చెప్పాలని. నా నోట్లో మాట లాగేసుకున్నారు. సరే, పోయిందేదో పోయింది. వేషం మాత్రం వద్దండి."

"వీరాయమ్మా, అతను నేర్పడానికే కదా..." అన్నారు డాక్టరుగారు. "ఫరవాలేదు, నువ్వు వెయ్యి మాణిక్యాలరావ్."

తువ్వాలు ఎత్తిన చేతులు గాల్లోనే ఉన్నాయి. మాణిక్యాలరావు బెంచీల వైపు చూశాడు. ఒక్కళ్ళు కూడా అతన్ని చూడ్డంలేదు. అందరి కళ్ళూ ఆమె మీదే. ఇప్పుడు వేస్తే తనని చూసి ఆమెని చూస్తారు, ఆమెని చూసి తనని చూస్తారు. అసలు మనిషి ఎదురుగా నిలబడ్డాక దొంగ వణుకు ఎవడిక్కావాలి? ముందు ఆపింది ఈ ఆలోచనే. మంచితనం అని ఎవరూ పొరబడక్కర్లేదు. వేషగాడి పొగరు అతని చేతులు దింపింది. చేతులు దిగాకే నోట్లోంచి మాట వచ్చింది. ఆ మాట అతను ముందుగా అనుకున్నది కాదు.

"ఆవిడ వద్దంటన్నారండి."

తన చెవులకే కొత్తగా వినిపించింది. ఆవిడ అన్నాడు. అంటన్నారు అన్నాడు. డాక్టరుగారు మొహం చిట్లించారు. ఆయన మాటకి ఆయ్ అనకుండా ఉండడం ఇదే మొదలు. మాణిక్యాలరావు గబగబా నడిచి, చోటు లేకపోయినా చిట్టిబాబు బెంచీ చివర ఇరుక్కుని కూచున్నాడు.

వీరాయమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కూచోవాలో నిలబడాలో తెలీక బల్ల పట్టుకుని నిలబడింది.

"కాంపౌండరు బాబు వేసేది బానే ఉంటదండి. వణుకదీ అచ్చు నాలాగే. గొంతే అలాగుండదు. దూకమని ఎప్పుడూ అన్లేదు. అది మా అమ్మ గొంతండి. నా చిన్నప్పుడే పోయింది. బావిలోంచి, వీరాయీ, అన్నం తిన్నావా అనేది. అంతేనండి. అత్తారింట్లో ఎవరూ అడగని మాటండి అది. సరిగా వినబడక వంగేదాన్ని. దూకుదావని కాదు."

ఆమె అరచేత్తో బల్ల అంచు తుడిచింది.

"మాత్రలేసుకున్నాకా గొంతు పోయింది. మంచిదేనండి, పనీ పాటూ చేసుకుంటన్నాను. కాని పోయినప్పుడు ఏడిసేనండి. అందరూ తగ్గిపోయిందని కొబ్బరికాయలు కొట్టేరు. నాకేమో అమ్మ మళ్ళీ పోయినట్టుంది. ఎవరితో చెప్పుకోను? చెబితే ఇంకో మాత్ర ఎక్కువేత్తారు."

మాణిక్యాలరావుకి గుండెలో చురుక్కుమంది. జాలి కాదు. ఇంత మాట ఆమె దగ్గర ఉందనీ, భుజాలు పట్టిన ఇన్నాళ్ళలో తనకి దొరకలేదనీ. ఈ మాట ముందే తెలిసుంటే వేషం ఎంత బాగుండేది అనిపించింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా ఆ ఆలోచన పోలేదు. తను ఈ గదిని ఎన్నిసార్లు నవ్వించాడో లెక్కలేదు. ఇలా ఒక్కసారి కూడా కట్టిపడెయ్యలేదు. చిట్టిబాబు మోచెయ్యి అతని డొక్కకి తగులుతోంది. ఆ చెయ్యి బల్ల చెక్కని గోటితో గీకుతోంది.

"మీ ఇళ్ళల్లో ఎవరన్నా ఉన్నారాండీ, నాలాంటోళ్ళు?" అని అడిగింది వీరాయమ్మ. "చెప్పక్కర్లేదు. ఉంటే మీకు తెలిత్తే చాలు."

మాణిక్యాలరావు పక్కనించే గొంతు వచ్చింది.

"మా అక్కుందండి" అన్నాడు చిట్టిబాబు. బల్ల వైపు చూస్తూ అన్నాడు. "పెరట్లో కొబ్బరి డొక్కలూ పీచూ వేసే పాకలో. బయటికి తియ్యం."

అందరికంటే గట్టిగా నవ్వినవాడు. బల్ల మీద చరిచి చరిచి నవ్వినవాడు.

*

క్లాసయ్యాక డాక్టరుగారు వరండాలో తేల్చేశారు. "రాజోలుకి వీరాయమ్మ వస్తుంది. నువ్విక్కడ చూసుకో." ఇందాకటి ఎదురుమాట ఆయన మనసులో ఉందని గొంతు చెబుతోంది.

"ఆయ్" అన్నాడు మాణిక్యాలరావు. మేష్టరీ పోయింది. అంత వేగంగా పోతుందని అనుకోలేదు. బ్యాచి వాళ్ళు వీరాయమ్మ చుట్టూ మూగి ఉన్నారు. పొద్దున్న మంచినీళ్ళకి బెదిరిపోయిన మీనాక్షమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతోంది. అతను ఆ గుంపుని దాటి మెట్లు దిగబోయాడు. ఎవరూ వెళ్ళొస్తానండీ మేష్టారూ అనలేదు.

"అయితే మా అక్కని ఏం చెయ్యమంటారండి?" అని చిట్టిబాబు అడగడం వినిపించింది.

"నాకు మందూ మాకూ తెలవదండి" అంది వీరాయమ్మ. "అదుగో, ఆరినడగండి. సూది నొప్పి తెలీకుండా వేత్తారు. నన్ను కూడా లేపి నడిపించింది ఆరే."

చిట్టిబాబు మెట్ల దగ్గరికి వచ్చాడు. మాణిక్యాలరావు అతన్ని చూడలేదు. వెనక వరండాలో ఉన్న ఆమెని చూశాడు. ఆమె ఇటు చూడ్డం లేదు. మీనాక్షమ్మతో మాట్లాడుతోంది. ఈ మర్యాద కూడా ఆవిడ ఇస్తేనే వచ్చింది. వెళ్ళిపోవచ్చు, బస్సుకి వేళైంది. డాక్టరుగారి దగ్గరికి తీసుకురా అని తప్పించుకోవచ్చు.

"ఎప్పట్నించయ్యా పాకలో?" అన్నాడు.

"నా పెళ్ళికి ముందునించండి. పెళ్ళివారు చూస్తారని ఎట్టేం. తర్వాత తియ్యలేదు."

"కట్టేసేరా?"

చిట్టిబాబు తలూపాడు.

"పలివెలే కదా? పద."

"ఇప్పుడేనాండీ? అమ్మా వాళ్ళకి చెప్పలేదండి. అరుస్తారండి."

"అరవనీ. నేను సూది తేలేదు. ఊరికే చూత్తాను." రోడ్డు మీదికి దిగాక, అలవాటు ప్రకారం నోటిదాకా వచ్చిన ప్రశ్న ఒకటుంది. కొడుతుందా, కరుస్తుందా అని. దాన్ని మింగేశాడు.

"మీ అక్క పేరేంటి బాబూ?"

చిట్టిబాబు కాలవ వంతెన దాకా మాట్లాడకుండా నడిచాడు. ఆ ఇంట్లో ఆ పేరు పలికి ఎన్నాళ్ళయిందో, గబుక్కున నోటికి రాలేదు.